37 లీటర్ల ట్యాంకులో 38 లీటర్లు: మా కారు పెట్రోలు ట్యాంకుతో నా అనుభవం

మా ఇంట్లో వాడుతున్న కారు 2019లో కొన్న పెట్రోలు మారుతి స్విఫ్ట్. దానితోపాటు ఇచ్చిన పుస్తకంలో ఇంధన ట్యాంకు సామర్థ్యం 37 లీటర్లు అని ఉంది. గత వేసవిలో మా బావగారు ఆ కారు తీసుకుని కాకినాడ నుంచి రాజమహేంద్రవరం వైపు వెళ్తూ, దారిలో ఒక బంకులో ఫుల్ ట్యాంకు చేయించి, 37.86 లీటర్లకు బిల్లు కట్టి వచ్చేదాకా ఆ అంకెను మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ముప్పై ఏడు లీటర్ల ట్యాంకులో ముప్పై ఎనిమిది లీటర్లు ఎలా పడతాయని ఆయన అక్కడే వాదన పెట్టుకున్నారు. మీటరు తిరిగినంతే బిల్లు వేశామని బంకువాళ్లు చెప్పారు. పైగా కారు బంకులోకి నడుస్తూనే వెళ్లింది కాబట్టి, రిజర్వు లైటు వెలిగి చాలాసేపయినా ట్యాంకు అడుగున రెండు మూడు లీటర్లైనా మిగిలి ఉండాలి. ఆ లెక్కన ట్యాంకులో మొత్తం నలభై లీటర్ల పైనే ఉన్నట్టు.

ఇంటికి వచ్చాక ఆ బిల్లు చేతులు మారింది. బంకువాళ్లు మోసం చేశారని బావగారు, మీటరులో చిప్ పెట్టి ఉంటారని మా తమ్ముడు, అసలు కంపెనీ వాళ్లే తప్పు రాసి ఉంటారని నాన్నగారు తలా ఒక మాట అన్నారు. ఎవరి మాటకూ ఆధారం లేదు. ఈ మూడింటిలో ఏది నిజమో తేల్చాలంటే రెండు విషయాలు విడివిడిగా చూడాలని నాకు అనిపించింది. బంకు మీటరు చూపిన లీటరు నిజంగా లీటరేనా అన్నది మొదటిది. పుస్తకంలో రాసిన 37 లీటర్లు దేని కొలత అన్నది రెండోది. ఈ రెండూ కలిపి మాట్లాడుకున్నంతసేపూ వాదన తెగదు.

మొదటిది తేల్చడం సులువుగానే జరిగింది. ప్రతి పెట్రోలు బంకులోనూ తూనికలు, కొలతల శాఖ తనిఖీ చేసి ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. వినియోగదారుడు అడిగితే దానిలో పోసి చూపించాలి. దీనికి డబ్బు తీసుకోకూడదు. ఆ సంగతి తెలిసినవాళ్లు చాలామందే ఉన్నా, వెనక బండ్లు హారన్లు కొడుతుంటే అడగడానికి మొహమాటపడతారు. అందుకని నేను రద్దీ లేని మధ్యాహ్నం వేళ అదే బంకుకు వెళ్లి మేనేజరుగారితో నెమ్మదిగా చెప్పాను. ఆయన మొదట కాస్త ముఖం మాడ్చుకున్నా, కాదనలేదు. లోపల బీరువాలోంచి పాత్ర తీయించారు.

ఆ పాత్ర శంకువు ఆకారంలో ఉన్న లోహపు డబ్బా. పైన సన్నని మెడ, మెడకు ఒక పక్క గాజు కిటికీ, దాని పక్కనే మిల్లీలీటర్ల గీతలు ఉన్నాయి. అంచు మీద ప్రభుత్వ ముద్ర ఉంది. కుర్రాడు ముందు దానిలో కొంచెం పెట్రోలు పోసి, లోపలంతా తడిసేలా తిప్పి, బోర్లించి కారనిచ్చాడు. పొడి పాత్రలో నేరుగా పోస్తే గోడలకు అంటుకున్న చెమ్మ మేరకు కొలత తగ్గి కనిపిస్తుందట. తరువాత పాత్రను చదునైన చోట పెట్టి, మీటరును సున్నాకు తెచ్చి, సరిగ్గా ఐదు లీటర్లు నొక్కి వదిలాడు. నురగ అణిగాక నేను వంగి కిటికీలోకి చూస్తే పెట్రోలు అంచు ఐదు లీటర్ల గీతకు కాస్త దిగువన, పది మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగింది. ఐదు లీటర్లకు పాతిక మిల్లీలీటర్ల వరకు హెచ్చుతగ్గులను నిబంధనలు అనుమతిస్తాయి. అంటే ఈ పంపు ఆ హద్దులోపలే ఉంది. మరో పంపు దగ్గర కూడా పోయించి చూస్తే గీత మీదే నిలిచింది. కొలిచిన పెట్రోలును గరాటు పెట్టించి మా కారులోనే పోయించుకుని డబ్బు కట్టాను.

పది మిల్లీలీటర్ల తేడాను ముప్పై ఎనిమిది లీటర్లకు విస్తరించినా అది లీటరులో పదో వంతు కూడా కాదు. కాబట్టి బావగారి బిల్లులోని అదనపు లీటర్లు మీటరు మాయ కాదని అక్కడితో తేలిపోయింది. కొలత హద్దు దాటి తక్కువగా ఉంటే అప్పుడు తూనికలు, కొలతల శాఖకో, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకో ఫిర్యాదు చేయాలి తప్ప, ట్యాంకు సామర్థ్యం చూపించి బంకువాళ్లను నిలదీయడం వల్ల ఏమీ రుజువు కాదు. ఐదు వందలకు కాకుండా ఐదు వందల పదికి కొట్టిస్తే మోసం జరగదన్న నమ్మకం కూడా మా వైపు గట్టిగానే ఉంది. మీటరు లెక్కించేది తన గుండా పోయిన ద్రవాన్ని. మీరు చెప్పిన రూపాయల అంకె గుండ్రంగా ఉందా లేదా అన్నదానితో ఆ కొలతకు సంబంధం లేదు. అనుమానం ఉన్నవారికి ఆ శంకువు పాత్ర కన్నా నమ్మకమైన సాక్ష్యం మరొకటి లేదు.

రెండో ప్రశ్నకు జవాబు కోసం మా కారును ఎప్పుడూ చూసే మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. ఆయన నా మాట పూర్తిగా వినకుండానే నవ్వి, "ఏమండీ, పుస్తకంలో ఉన్నది ట్యాంకు డొక్క కొలత కాదండీ, బంకులో గన్ను మొదటిసారి టక్కుమని ఆగేదాకా పట్టే లెక్కండి" అన్నారు. నేను ఆ తరువాత చదివి, కొలిచి తెలుసుకున్నదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

ట్యాంకును అంచులదాకా నింపడానికి తయారు చేయరు. పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది, ఆవిరవుతుంది. ఆ రెండింటికీ చోటు కావాలి కనుక ట్యాంకు పైభాగంలో కొంత జాగాను ఖాళీగా ఉండేలా వదులుతారు. మూత దగ్గర నుంచి ట్యాంకు దాకా వెళ్లే గొట్టంలో కూడా కొంత పెట్రోలు నిలుస్తుంది. కంపెనీ ప్రకటించే 37 లీటర్లలో ఈ ఖాళీ జాగా గానీ, గొట్టం గానీ లెక్కలోకి రావు. కాబట్టి గన్ను ఆగిన తరువాత కూడా పట్టు వదలకుండా కొద్దికొద్దిగా నొక్కుతూ పోతే, ఆ జాగాలోకీ గొట్టంలోకీ మరి కొన్ని లీటర్లు ఎక్కుతాయి. బావగారిని మళ్లీ అడిగితే, గన్ను ఆగాక ఆ కుర్రాడు "రౌండ్ ఫిగర్ చేస్తాను సార్" అంటూ చాలాసేపు పోశాడని గుర్తు చేసుకుని చెప్పారు. నలభై లీటర్ల పైచిలుకు లెక్క అక్కడ కుదిరింది.

ఆ గన్ను తనంతట తాను ఎలా ఆగుతుందో తెలిశాక, దాన్ని మించి పోయించడం ఎందుకు మంచిది కాదో కూడా తెలిసింది. గన్ను మూతి చివరన పరీక్షగా చూస్తే ఒక చిన్న రంధ్రం కనిపిస్తుంది. పెట్రోలు వేగంగా పారుతున్నంతసేపూ ఆ రంధ్రం గుండా గాలి లోపలికి పీల్చబడుతూ ఉంటుంది. ట్యాంకు నిండి, పెట్రోలు పైకి వచ్చి ఆ రంధ్రాన్ని మూసిన క్షణంలో గాలి అందక పిడి లోపల శూన్యం ఏర్పడుతుంది. ఆ శూన్యమే ఒక పల్చని పొరను లాగి, పిడిని పట్టి ఉంచిన మీటను జార్చేస్తుంది. ఇందులో కరెంటు లేదు, కంప్యూటరు లేదు. అయితే నురగ ఎక్కువగా వచ్చినా, గన్ను గొట్టంలో వంకరగా పెట్టినా, ధార మరీ జోరుగా ఉన్నా ట్యాంకు నిండకముందే టక్కుమని ఆగిపోవచ్చు. అందుకే ఒకే కారుకు, ఒకే స్థితిలో, రెండు బంకుల్లో మొదటి కట్, అంటే గన్ను మొదటిసారి ఆగడం, ఒకటి రెండు లీటర్ల తేడాతో వస్తుంది. ఆ మాత్రం తేడాకు ఎవరినీ తప్పు పట్టనక్కర్లేదు.

మెకానిక్ మరో సంగతి కూడా చూపించారు. ఈ కాలపు పెట్రోలు కార్లలో ట్యాంకు నుంచి వచ్చే ఆవిరిని గాలిలోకి వదలకుండా, బొగ్గు రవ్వ నింపిన ఒక డబ్బాలోకి పంపుతారు. ఇంజను నడిచేటప్పుడు ఆ ఆవిరిని తిరిగి లాక్కుని మండిస్తుంది. మూతిదాకా పోయించినప్పుడు ఆవిరి వెళ్లాల్సిన దారిలోకి పెట్రోలే ద్రవంగా దిగి ఆ బొగ్గును తడిపేస్తుంది. అలా తడిసిన డబ్బా పని చేయదు. పెట్రోలు కొట్టించిన వెంటనే బండి స్టార్టు కావడానికి మొరాయించడం, కారు చుట్టూ వాసన రావడం వంటివి దాని గుర్తులట. ఎండలో నిలబెట్టిన కారులో నిండా ఉన్న పెట్రోలు పొంగడానికి చోటు లేక మూత దగ్గర చెమ్మ పట్టడం నేను ఇతరుల బండ్ల దగ్గర చూశాను. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు వెళ్లినా గన్ను పెట్టకముందే "మొదటి కట్ దగ్గర ఆపేయండి" అని చెప్పడం అలవాటయింది. చిల్లర కోసం రౌండ్ చేయాల్సిన కాలం యూపీఐ వచ్చాక ఎలాగూ పోయింది.

ఇంధనం ముల్లు ఎలా పనిచేస్తుందో కూడా ఆ షెడ్డులోనే చూశాను. మరో కారు నుంచి విప్పి బల్ల మీద పెట్టిన పంపు అమరికకు పక్కనే ఒక సన్నని ఉక్కు తీగ, దాని కొసన నల్లని చిన్న దిమ్మ ఉన్నాయి. కాలువలో గాలానికి కట్టిన బెండులా ఆ దిమ్మ పెట్రోలు మీద తేలుతుంది. తీగ రెండో కొస ఒక చిన్న పలక మీద ఉన్న సన్నని చారలను రాస్తూ కదులుతుంది. తేలే దిమ్మ పైకీ కిందికీ పోయేకొద్దీ విద్యుత్ నిరోధం మారి, ముందు డయల్‌లో ముల్లు కదులుతుంది. నేను వేలితో దిమ్మను పైకి ఎత్తి చూశాను. అది పై అడ్డుకు తగిలాక ఇక కదలదు. ట్యాంకులో ఆ అడ్డుకన్నా పైన ఎన్ని లీటర్లు ఉన్నా ముల్లుకు తెలిసే అవకాశం లేదన్నమాట. ఫుల్ ట్యాంకు చేయించాక చాలా దూరం దాకా ముల్లు కదలకపోవడం చూసి మైలేజీ అద్భుతంగా వస్తోందని మురిసిపోయేవాళ్లందరికీ ఆ దిమ్మను ఒకసారి చూపించాలి.

దిమ్మ కొలిచేది పెట్రోలు మట్టాన్నే కానీ పరిమాణాన్ని కాదు. కారు ట్యాంకు నలుచదరపు పెట్టె కాదు. వెనక సీటు కింద ఉన్న జాగాలో పొగగొట్టానికీ ఇరుసుకూ తావిస్తూ వంపులు తిరిగి ఉంటుంది. అందువల్ల ముల్లు సగం గీత మీద ఉంటే పెట్రోలు సగం ఉన్నట్టు కాదు. దీన్ని మా కారు విషయంలో లెక్కగా తేల్చుకోవాలని, ముల్లు ఒక్కో గీత దగ్గరికి వచ్చినప్పుడు నింపించి, మొదటి కట్ దాకా ఎన్ని లీటర్లు పట్టిందో ఒక చిన్న పుస్తకంలో రాస్తూ వచ్చాను. ముల్లు సగం గీత మీద ఉన్నప్పుడు నింపిస్తే దాదాపు 20 లీటర్లు పట్టింది. రిజర్వు లైటు వెలిగిన వెంటనే నింపిస్తే 31 లీటర్లకు కాస్త అటూ ఇటూగా పట్టింది. అంటే మొదటి సగానికి 20 లీటర్లు ఖర్చయితే, సగం గీత నుంచి లైటు వెలిగేదాకా ఉన్నది 11 లీటర్లే. సగం దాటాక ముల్లు పరుగెత్తుకుంటూ దిగిపోతుందని మా ఇంట్లో అందరూ అనుకునే మాటకు ఇదే కారణం. లైటు వెలిగాక ట్యాంకులో మిగిలేది దాదాపు ఆరు లీటర్లు.

ఆరు లీటర్లు ఉన్నాయి కదా అని ఆ ఆరింటినీ వాడుకోవాలని చూడకూడదు. పెట్రోలు పంపు ట్యాంకు లోపలే మునిగి ఉంటుంది. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. మట్టం తగ్గేకొద్దీ పంపు వేడెక్కుతుంది. మలుపుల్లోనూ ఎత్తుపల్లాల్లోనూ పెట్రోలు ఒక పక్కకు ఒరిగి పంపుకు గాలి అందే ప్రమాదం కూడా ఉంటుంది. లైటు వెలిగాక యాభై కిలోమీటర్ల లోపల బంకు చేరాలన్నది నేను పెట్టుకున్న హద్దు. మా కారు లెక్కన అది మూడు లీటర్లు.

ఆ హద్దు విలువ మాకు మారేడుమిల్లి దారిలో తెలిసింది. రంపచోడవరం దాటేటప్పటికి ముల్లు పావు గీతకు కొద్దిగా పైన ఉంది. ఇంకా ఎంత దూరం వెళ్లగలమో చూపే అంకె తృప్తికరంగానే ఉంది. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ ఎక్కడం మొదలయ్యాక ఆ అంకె మేము నడిచిన దూరం కన్నా ఎన్నో రెట్లు వేగంగా పడిపోయింది. రెండో గేరులో ఎక్కుతున్నప్పుడు ఖర్చయ్యే తీరును బట్టి మిగిలిన పెట్రోలును భాగించి చూపించడమే దాని పని. అది నిన్నటి చదును రోడ్డును బట్టి ఒక మాట, ఇవాళ్టి ఎత్తు రోడ్డును బట్టి ఒక మాట చెబుతుంది. రెండూ అబద్ధం కావు, కానీ రెండూ భవిష్యత్తుకు హామీ కావు. వంపుల్లో ముల్లు కూడా పెట్రోలు ఒరిగినప్పుడల్లా ఊగిసలాడింది. దిగుడులో అంకె మళ్లీ పెరిగి చింతూరు క్షేమంగా చేరాం. కానీ ఆ అడవి దారిలో బంకు కోసం వెతుక్కోవడం కన్నా రంపచోడవరంలోనే నింపుకుని బయలుదేరడం మేలని ఆ దారిన వెళ్లేవారికి చెబుతున్నాను.

మైలేజీ లెక్క విషయంలో తెర మీద చూపే సగటును నేను పక్కన పెట్టేశాను. మొదటి కట్ దాకా నింపించి ట్రిప్ మీటరును సున్నా చేయడం, మామూలుగా తిరగడం, వీలైతే అదే బంకులో అదే పంపు దగ్గర మళ్లీ మొదటి కట్ దాకా నింపించి, నడిచిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించడం అన్నది పాత పద్ధతే అయినా ఇప్పటికీ అదే నమ్మదగినది. ఉదాహరణకు ఒకసారి 412 కిలోమీటర్లకు 23.6 లీటర్లు పట్టింది. అంటే లీటరుకు 17.5 కిలోమీటర్ల చొప్పున వచ్చింది. కట్ ఒక లీటరు ముందో వెనకో పడే అవకాశం ఉంది కాబట్టి ఒక్కసారి లెక్కతో సంతోషపడటం గానీ దిగులుపడటం గానీ తగదు. వరుసగా నింపిన వాటిని కూడి సగటు తీసుకుంటే ఆ హెచ్చుతగ్గులు ఒకదానికొకటి సర్దుకుంటాయి. ఐదు వందలకో వెయ్యికో కొట్టించుకుంటూ పోయే ఇళ్లలో ఈ లెక్క ఎప్పటికీ కుదరదు.

నేను ఆ చిన్న పుస్తకంలో లెక్కలు రాస్తున్న కాలంలోనే బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మామూలయింది. ఇథనాల్ లీటరుకు ఇచ్చే శక్తి పెట్రోలు ఇచ్చేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. 37 లీటర్ల ట్యాంకులో 7.4 లీటర్లు ఇథనాల్ ఉంటే, శక్తి లెక్కన సుమారు రెండున్నర లీటర్ల పెట్రోలు తగ్గినట్టు. ట్యాంకు పరిమాణం మారకుండానే అది తీసుకెళ్లే దూరం కొంత తగ్గుతుంది. నా పాత లెక్కల్లో పద్దెనిమిది దాటినవి కొన్ని ఉన్నాయి, ఇప్పుడు అవి అరుదు. అయితే ఇదంతా ఇథనాల్ వల్లే అని నేను అనను. మధ్యలో టైర్లు మారాయి, కారుకు వయసు వచ్చింది, ఏసీ వాడకం పెరిగింది. ఒక కుటుంబం రాసుకున్న లెక్కలతో వీటిని విడదీయడం సాధ్యం కాదు.

వేసవి వస్తే మా బంధువుల వాట్సాప్ గుంపులో ప్రతి ఏడూ ఒక సందేశం తిరుగుతుంది. ఎండల్లో ట్యాంకు సగానికి మించి నింపవద్దని, నింపితే పేలిపోతుందని దాని సారాంశం. కంపెనీ చెప్పిన గరిష్ఠ పరిమితి వరకు ఎండాకాలమైనా చలికాలమైనా నింపుకోవచ్చని ఇండియన్ ఆయిల్ సంస్థే ఆ వదంతిని ఖండించింది. లెక్క వేసినా అదే తేలుతుంది. పెట్రోలు ఒక డిగ్రీ వేడెక్కితే వెయ్యింట ఒక వంతు మేర పొంగుతుంది. భూగర్భ ట్యాంకులోంచి వచ్చిన చల్లని పెట్రోలు మన కారులో ఇరవై డిగ్రీలు వేడెక్కినా, 37 లీటర్లకు పెరిగేది ముప్పావు లీటరు. పైన వదిలిన ఖాళీ జాగా దానికి సరిపోతుంది. మొదటి కట్‌ను దాటి ఆ జాగాను కూడా నింపేసినవారికే ఇబ్బంది. తెల్లవారుజామున కొట్టిస్తే ఎక్కువ పెట్రోలు వస్తుందన్న మాటలో కూడా పస లేదు. నేల అడుగున ఉన్న బంకు ట్యాంకులో ఉష్ణోగ్రత పూటపూటకూ మారేది చాలా తక్కువ.

కారు కొనేటప్పుడు ట్యాంకు సామర్థ్యం గురించి మా ఇంట్లో ఎవరూ అడగలేదు, అమ్మేవాళ్లూ చెప్పలేదు. మా పక్కింటివారి పాత స్విఫ్ట్‌లో ట్యాంకు 42 లీటర్లది. మాదానికి ఐదు లీటర్లు తగ్గింది. వ్యాగనార్‌లో 32, ఎర్టిగాలో 45, క్రెటాలో 50 లీటర్లు. పెద్ద ట్యాంకు ఉన్నంత మాత్రాన ఎక్కువ దూరం వెళ్తుందని కాదు, మైలేజీతో హెచ్చించి చూడాలి. కాకినాడలో ఉన్నవాళ్లకు ఈ అంకెతో మరొక అవసరం కూడా ఉంది. అది యానాం.

యానాం పుదుచ్చేరి పాలనలో ఉన్నందువల్ల అక్కడ పన్ను తక్కువ. నేను లెక్క వేసినప్పుడు లీటరుకు మా ఊరికీ అక్కడికీ సుమారు 12 రూపాయల తేడా ఉంది. కాకినాడ నుంచి యానాం దాదాపు ముప్పై కిలోమీటర్లు. ఫుల్ ట్యాంకు చేయిస్తే 37ని పన్నెండుతో హెచ్చించి, నాలుగు వందల నలభై రూపాయలు మిగులుతాయని మా తమ్ముడు ఉత్సాహపడేవాడు. కానీ ఖాళీ ట్యాంకుతో ఎవరూ వెళ్లరు. లైటు వెలిగాక వెళ్లినా పట్టేది 31 లీటర్లు, మొహమాటం లేకుండా చెప్పాలంటే 30. మిగిలేది 360 రూపాయలు. వెళ్లిరావడానికి అరవై కిలోమీటర్లకు దాదాపు మూడున్నర లీటర్లు ఖర్చవుతుంది. అక్కడి ధరకే లెక్క కట్టినా అది 330 రూపాయల పైమాటే. ముప్పై రూపాయల లాభం కోసం ఒక పూట పోతుంది. ట్యాంకు సగం ఉండగా వెళ్తే నష్టమే.

కాబట్టి పెట్రోలు కోసమే యానాం వెళ్లడం మా ఇంట్లో లేదు. అమలాపురంలో ఉన్న మా అత్తవారింటికి ఎదుర్లంక వంతెన మీదుగా వెళ్లి వచ్చేటప్పుడు మాత్రం, ముందు వారం నుంచే కాకినాడలో కొట్టించకుండా లైటు వెలిగే సమయానికి యానాం చేరేలా చూసుకుంటాం. హైదరాబాదు ప్రయాణం ఆ మర్నాడే పెట్టుకుంటే లెక్క ఇంకా బాగా కుదురుతుంది. యానాం నుంచి ఇంటికి ముప్పై, ఇంటి నుంచి రాజమహేంద్రవరం, ఏలూరు, విజయవాడ, సూర్యాపేటల మీదుగా హైదరాబాదుకు ఇంచుమించు ఐదు వందలు, మొత్తం 530 కిలోమీటర్లు. రిజర్వును ముట్టుకోకుండా ఉన్న 31 లీటర్లకు, హైవే మీద లీటరుకు 18 చొప్పున 558 కిలోమీటర్లు వస్తాయి. దారిలో టీ కోసం తప్ప బంకు కోసం ఆగనక్కర్లేదు. ట్రాఫిక్ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు నగరం శివార్లలో లైటు వెలుగుతుంది, అయితే అక్కడికి మా బంధువుల ఇంటి దాకా నేను పెట్టుకున్న యాభై కిలోమీటర్ల హద్దు సరిపోతుంది. తిరుగు ప్రయాణానికి హైదరాబాదులోనే నింపుకుంటాం, ఎందుకంటే తెలంగాణలో ధర ఆంధ్రలో కన్నా కాస్త తక్కువ.